ఇరవై నాలుగో పేరు

హిందూపురం,
9-8-2006.

చిరంజీవి శరత్‌కు,

మీ అక్క పూర్ణిమ ఆశీర్వదించి రాసేది. ధర్మవరంలో అమ్మా నాయనా, ఇక్కడ హిందూపురంలో నేను, ముగ్గురం వేళకు ఇంత తిని తిరుగుతున్నాం. క్షేమం అని రాయబోతే పెన్ను కొంచెం వెనకాడింది, అందుకని అంతవరకే రాస్తున్నాను. పూనాలో వానలు ఎక్కువని పేపర్లో చూశాను. గొడుగు కొన్నావా, లేక ఎప్పటిలాగే తల మీద పేపరు కప్పుకొని తిరుగుతున్నావా?

నీ ఉత్తరం శనివారం ధర్మవరం తీసుకుపోయి అమ్మకు చదివి వినిపించాను. సగం దాకా విని, "వీడు ఉత్తరం రాసినాడా, పరీక్ష పేపరు పంపినాడా?" అంది. నాలుగు పేజీల ఉత్తరంలో మూడు పేజీలు కంప్యూటర్ జావా ప్రశ్నలే అయితే ఏ తల్లి మాత్రం ఏమంటుంది? ఇల్లు కారుతోందా అని అడిగావు. కారడం లేదు, జూన్‌లోనే రేకులు మార్పించారు. అమ్మ మోకాళ్ళు అలాగే ఉన్నాయి, తైలం రాస్తోంది. అవ్వ రాట్నం మీద ఇప్పుడు అమ్మే కూర్చుని మగ్గానికి కండెలు చుడుతోంది. అందరి గురించీ అడిగి నాయన గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేదు నువ్వు. దాని సంగతి తర్వాత రాస్తాను. ముందు నీ పాఠం.

కంప్యూటర్లో పేర్లు వరసగా దాచడానికి అర్రే ఉండగా మళ్ళీ ఈ అర్రేలిస్ట్ ఎందుకు అని కదా నీ మొదటి ప్రశ్న. మన వీధి కొళాయి గుర్తు తెచ్చుకో. కొళాయి పక్కన పది బిందెలు పట్టే సిమెంటు గట్టు ఉంటుందే, అదీ అర్రే. పదకొండో బిందె తెస్తే దానికి చోటు లేదు. మూడే వస్తే మిగిలిన ఏడు చోట్లూ ఊరికే ఉంటాయి. అర్రేలిస్ట్ అంటే గట్టు వదిలేసి రోడ్డు మీద పెట్టుకునే వరస. ఎన్ని బిందెలు వస్తే అంత పొడుగు సాగుతుంది, పోతే కుదించుకుంటుంది. ఎవరో వచ్చి తోక చివర బిందె పెడితే అది యాడ్. మన యల్లక్క వస్తుంది చూడు, "నేను పొద్దున్నే రాయి పెట్టి పోయినా" అని పోట్లాడి మధ్యలో దూరుస్తుంది, అదీ యాడే. కాకపోతే ఎన్నో చోటో చెప్పాలి. ఆమె దూరగానే వెనకవాళ్ళందరూ తలా ఒక అడుగు వెనక్కు జరగాల్సిందే, తిట్టుకున్నా సరే. గెట్ అంటే ఫలానా చోట ఎవరి బిందె ఉందో ఊరికే చూడడం, ముట్టుకోవడం కాదు. సెట్ అంటే ఆ చోట ఉన్న ప్లాస్టిక్ బిందె తీసి అక్కడే స్టీలు బిందె పెట్టడం, వరస కదలదు. సైజ్ అంటే మొత్తం ఎన్ని బిందెలో చెప్పడం. కంటెయిన్స్ అంటే మా బిందె ఈ వరసలో ఉందా లేదా అని అడగడం, ఉంటే ఉందంటుంది, లేకుంటే లేదంటుంది. ఒక్కటి మాత్రం ఎప్పటికీ మరిచిపోకు. మనం ఒకటి నుంచి లెక్కపెడతాం, అది సున్నా నుంచి లెక్కపెడుతుంది. మొదటి బిందెది సున్నా చోటు.

మా కంప్యూటర్ సెంటర్ క్లాసులో పిల్లలందరి చేతా రోజూ ఇది పైకి అనిపిస్తాను. "మొదటిది ఎంత?" అంటే "సున్నా!" అని అరవాలి. అరవకపోతే నిలబెడతాను. సున్నా మేడమ్ అని నాకు పేరు పెట్టారు, పెట్టుకోనీ.

రిమూవ్ గురించి కూడా అడిగావు. అది చివర్న రాస్తాను. అది రాయడానికే ఈ ఉత్తరం మొదలుపెట్టాను.

శరత్, నాయనకు కళ్ళు కనిపించడం లేదు. రెండు కళ్ళలోనూ శుక్లాలే. ఆరు నెలలుగా పోగు తెగితే అమ్మ లేచి వచ్చి అతకాల్సి వస్తోంది. పోయిన నెల చీర అంచులో రెండు చోట్ల పోగులు తప్పాయని షావుకారు వెనక్కిచ్చి పంపాడు. ముప్పై ఏళ్ళుగా నేస్తున్న నాయన నేసిన చీర వెనక్కు రావడం నేనెప్పుడూ చూడలేదు. దాన్ని మడిచి ఒళ్ళో పెట్టుకుని సాయంత్రం దాకా అలా కూర్చున్నాడట. సెప్టెంబర్ మూడో తేదీ పెనుకొండలో మళ్ళీ కంటి క్యాంపు ఉంది. పేరు రాయిద్దాం నాయనా అంటే ఒకటే మాట. "మా అమ్మ పేరు రాయించనోన్ని, నాకు కండ్లు యాలమ్మా?" అంటాడు. నేను బతిమాలాను, అమ్మ ఏడ్చింది. లేదు. ముదరబెట్టుకుంటే ఏమవుతుందో మన ఇంట్లో ఎవరికీ కొత్తగా చెప్పనక్కర్లేదు.

నాయన ఆ మాట తనంతట తాను అనుకున్నది కాదు. అవ్వ పోయిన రోజు అందరి ముందూ నువ్వన్నది. "నువ్వు పేరు రాయించలేదు, మగ్గం గుంత మీద పలక మూయలేదు, మా అవ్వను నువ్వే చంపినావు." నువ్వు అంత మాటన్నా నాయన నోరు తెరవలేదు. నువ్వు పదకొండో రోజు కూడా ఉండకుండా రైలెక్కావు. ఆ తర్వాత ఇంటికి రాలేదు. నేను ఆ రోజు అక్కడే వాకిలి పట్టుకుని నిలబడి ఉన్నాను.

ఇప్పుడు రిమూవ్.

2004 ఫిబ్రవరి క్యాంపు లిస్టు కొట్టింది నేనే అని నీకు తెలుసు. అంతకుముందు ఏడాది దాకా క్యాంపు వాళ్ళు రిజిస్టర్లో పెన్నుతో రాసుకుని, దాన్ని చూసే పిలిచేవారు. రాకపోయినవాళ్ళ పేరు మీద ఒక గీత కొట్టేవారు. కొట్టేసినా పేరు కింద కనిపిస్తూనే ఉండేది. ఆ ఏడు మా కంప్యూటర్ సెంటర్‌కు ఆ పని ఇచ్చారు. నేను అప్పుడే జావా నేర్చుకున్న పొగరు మీద ఉన్నాను. రిజిస్టర్లోని అరవై పేర్లూ చూసి ఎక్కించి, లిస్టు అచ్చు వేసే ప్రోగ్రాం ఒకటి రాశాను. ఇరవై మూడో పేరు మునియమ్మ, ఇరవై నాలుగో పేరు నాగరత్నమ్మ. మన వీధి మునియమ్మ, మన అవ్వ. పేర్లు రాయించిన రోజు నాయన ఇద్దరినీ ముందూ వెనకా నిలబెట్టి రాయించాడు.

అవును శరత్. నాయన రాయించాడు. పొద్దుటి ప్యాసింజర్‌కు ఇద్దరు ముసలమ్మలనూ హిందూపురం పిలుచుకొచ్చి, మధ్యాహ్నం రెండు దాకా ఎండలో నిలబడి రాయించాడు. అవ్వ చేతికి 24 అని చీటీ కూడా ఇచ్చారు. ఆ చీటీ గురించి నాయన చెప్పినప్పుడు నువ్వు నమ్మలేదు. నేను నా కళ్ళతో చూశాను. ఆ రోజు వాళ్ళకు టిఫిన్ తెచ్చిపెట్టింది నేనే.

క్యాంపుకు ఐదు రోజులు ముందు మునియమ్మ చనిపోయింది. నిద్రలోనే పోయింది. ఆ శనివారం నేను ఇంటికి పోతే అవ్వ రాట్నం దగ్గర నుంచి లేవకుండానే చెయ్యి తడుముకుంటూ నా కొంగు పట్టుకుంది. "పాపా, మునెమ్మ పోయిందే. దాని పేరు తీసెయ్యి. ఆడ దాని పేరు పిలిస్తే నాకు కడుపు తరుక్కుపోతాది. ఆ చోటు ఇంకెవరికైనా రానీ" అంది. సరే అవ్వా అన్నాను.

సోమవారం లిస్టు తీసుకుపోవడానికి మనిషి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. బయట ఆటో ఆగి ఉంది. నేను గబగబా ఒక లైను చేర్చాను. మునియమ్మ నంబరు ఇరవై మూడు కదా, రిమూవ్ ఇరవై మూడు అని కొట్టాను. నేను ఒకటి నుంచి లెక్కపెట్టాను. అది సున్నా నుంచి లెక్కపెట్టింది. దాని లెక్కలో ఇరవై మూడో చోట ఉన్నది అవ్వ.

కొళాయి దగ్గర ఒక బిందె తీసేస్తే వెనకవన్నీ ఒక్కో అడుగు ముందుకు జరుగుతాయి చూడు, రిమూవ్ అంతే. మధ్యలో ఖాళీ మిగలదు. గీత మిగలదు. అక్కడ ఇంకొకరు ఉండేవారన్న ఆనవాలు ఉండదు. ఎందుకైనా మంచిదని సైజ్ చూశాను కూడా. యాభై తొమ్మిది. అరవైలో ఒకరు పోయారు, యాభై తొమ్మిది, సరిపోయింది. కాగితం అచ్చు వేసి ఇచ్చి పంపేశాను. ఆ సాయంత్రం నేను బజ్జీలు తిన్నాను, అది కూడా గుర్తుంది.

పెనుకొండలో స్కూలు మైదానంలో మైకు పెట్టి పిలిచారు. పిలిచినవాళ్ళు బెంగళూరు ఆస్పత్రికి పోయే బస్సెక్కాలి. నేను అక్కడ లేను, నాయన చెప్పింది రాస్తున్నాను. ఇరవై రెండు, సంజీవప్ప అన్నారు, ఆయన ఎక్కాడు. ఇరవై మూడు, మునియమ్మ అన్నారు. మైదానంలో ఎవరూ కదల్లేదు. మళ్ళీ మునియమ్మ. మూడోసారి మునియమ్మ. అవ్వ నాయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. తర్వాత తనదే కదా అని లేచి నిలబడింది. ఇరవై నాలుగు, గంగాధర అన్నారు. అవ్వ చీటీ చూపిస్తే, "ఒకరు పోయినారు కదమ్మా, నంబర్లు జరిగినాయి, పేరు చూసుకోండి" అన్నారు. చూశారు. యాభై తొమ్మిది దాకా చూశారు. పేరు లేదు. చీటీ వాళ్ళే తీసుకుని పక్కన పెట్టేశారు.

ఆ రాత్రి ఎస్‌టీడీ బూతు నుంచి నువ్వు మా సెంటర్‌కు ఫోన్ చేసి, "అక్కా, లిస్టు కొట్టింది నువ్వే గదా, అవ్వ పేరు ఉండాదా లేదా?" అని అడిగావు. అంతకు గంట ముందే నాయన ఫోన్ చేసి ఉన్నాడు. నేను ఫైలు తెరిచి, నాగరత్నమ్మ ఉందా అని కంటెయిన్స్ అడిగితే లేదు అని వచ్చింది. మునియమ్మ ఉందా అంటే ఉంది అని వచ్చింది. అప్పటికే నాకంతా అర్థమైపోయింది. "లిస్టులో లేదురా" అని నీతో అన్నాను. అది నిజమే. "నాయన రాయించినాడా?" అన్నావు. "నాకు తెలియదు" అన్నాను.

ఆ ఒక్క మాటే, శరత్. చిన్నమాటే. మరుసటి రోజు చెప్పొచ్చులే, ఇంకో క్యాంపు వస్తుందిలే అనుకున్నాను. అవ్వకు ఒక కన్ను ముందే పోయి ఉంది, రెండోది ముదిరి ఎర్రబడి, నొప్పితో తల గోడకు కొట్టుకునే రోజుకు వచ్చింది. అనంతపురంలో డాక్టరు, "మూడు నెలలు ముందొచ్చి ఉంటే" అన్నాడు. ఆ తర్వాత ఎలా చెప్పను? చూపు పూర్తిగా పోయాక కూడా అవ్వ తడుముకుంటూ కండెలు చుట్టింది. అక్టోబర్‌లో నాయన టీకి పోయిన పది నిమిషాల్లో, చుట్టిన కండెలు మగ్గం దగ్గర పెడదామని పోయి, నాయన కాళ్ళు పెట్టుకునే గుంతలో పడింది. మిగిలింది నీకు తెలుసు.

నేను ప్రతి శనివారం ధర్మవరం ప్యాసింజర్లోనే పోతాను. పెనుకొండ స్టేషన్‌లో రెండు నిమిషాలు ఆగుతుంది. ఆ రెండు నిమిషాలూ నా చెవుల్లో మైకు మోగుతుంది. మునియమ్మ, మునియమ్మ, మునియమ్మ. నేను వినని గొంతు అది, అయినా వినిపిస్తుంది. మైకు ఆగిందనుకున్నాక చీటీ పట్టుకుని ఎవరో నిలబడి ఉన్నట్టు అనిపించి కిటికీ తలుపు వేసేస్తాను. పెట్టెలో వాళ్ళు గాలి రాదని తిడతారు. క్లాసులో పిల్లలు రిమూవ్ కొట్టినప్పుడల్లా తెర మీద కింది పేర్లన్నీ టక్కున పైకి జరుగుతాయి కదా, అప్పుడు నేను గోడవైపు తిరుగుతాను.

ఆ ప్రోగ్రాం ఇంకా నా దగ్గర ఫ్లాపీలో ఉంది. అవ్వ పోయిన తర్వాత ఒకరోజు దాన్ని తెరిచి, ఇరవై మూడో చోట నాగరత్నమ్మ అని యాడ్ కొట్టాను. సున్నా నుంచి లెక్కపెట్టి, ఈసారి సరిగ్గానే కొట్టాను. గంగాధర, అతని వెనకాల ఉన్న అందరూ ఒక్కో అడుగు వెనక్కు జరిగి ఆమెకు చోటిచ్చారు. సైజ్ అరవై అయింది. అచ్చు వేస్తే మునియమ్మ, నాగరత్నమ్మ ఒకరి కింద ఒకరు వచ్చారు, ఆ రోజు వరసలో నిలబడినట్టే. ఇద్దరూ లేరు. ఆ కాగితం నా పెట్టెలో చీరల కింద ఉంది. ఏం చేయాలో తెలియక ఉంచాను.

ఇదంతా ముందు నీకు రాసి, తర్వాత నాయనకు చెబుదామనుకున్నాను. అది కూడా పిరికితనమే అని తోచి మొన్న ఆదివారం నాయనకే ముందు చెప్పాను. కొళాయి, బిందెలు, సున్నా, అన్నీ చెప్పాను. అమ్మ రాట్నం ఆపేసింది. నాయన విన్నాడు. రాయించానో లేదో అని ఈ రెండేళ్ళలో తనకే అనుమానం పట్టినట్టుంది. "అయితే నేను రాయించినా గదా?" అని అడిగాడు. రాయించావు నాయనా అన్నాను. "రెండేండ్లు నన్ను మోయనిచ్చినావు గదే పాపా" అన్నాడు. లేచి పోయి మగ్గం గుంతలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు, నేయలేదు.  ఆ పొద్దు అన్నం నా చేత కాక అమ్మ చేతే పెట్టించుకున్నాడు. అమ్మ నన్ను తిట్టి ఉంటే బాగుండేది, ఆమె కూడా తిట్టలేదు.

సోమవారం తెల్లవారుతూనే నేను స్టేషన్‌కు బయల్దేరితే వెనకాలే వచ్చాడు. వద్దంటే వినలేదు. దారిలో గుంతలు కనబడక రెండుసార్లు నా భుజం పట్టుకున్నాడు. బెంచీ మీద కూర్చున్నాక చెప్పడం మొదలుపెట్టాడు.

"నేనూ ఒకటి చెప్పలేదు మీకు. ఆ పొద్దు బస్సులో మునెమ్మ సీటు ఖాళీగానే ఉండె. ఆ మైకు పట్టుకున్న ఆయప్ప, 'పేరుంటేనే ఆస్పత్రిలో చేర్చుకుంటారు, కావాలంటే ఆమె పేరు మీద ఎక్కించప్పా' అన్యాడు. నేను ఎక్కమన్యా. మీ అవ్వ ఎక్కలే. 'సచ్చినదాని పేరు పెట్టుకోని కండ్లు తెచ్చుకుంటే, రేపు దాని బిడ్డల మొగం ఎట్ల సూసేదిరా?' అన్యాది. ఎత్తి ఎక్కించింటే అయిపోతాండె. ఎత్తలేకపోతినా? ముసిల్ది, ఇంత బరువుండాదా?"

"మరి శరత్‌కు ఎందుకు చెప్పలేదు నాయనా?" అన్నాను.

"వాళ్ళవ్వను మొండిది అంటాడని. సచ్చినంక ఆమెను ఎందుకులే అనిపించేది? నన్నంటే నేను ఉండా గదా, పడతా" అన్నాడు.

నాకు ఏడుపు ఆగలేదు. ప్లాట్‌ఫారం మీద జనం చూస్తున్నా ఆగలేదు. నాయన నన్ను ఓదార్చలేదు, అబద్ధం ఎందుకు రాయాలి. నా వైపు చూడకుండా పట్టాల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ కళ్ళకు పట్టాలు ఎంతవరకు కనిపించాయో నాకు తెలియదు. బండి వచ్చే ముందు, "రాయి, నా పేరు రాయి" అన్నాడు. నేను తల ఊపాను. అది ఆయనకు కనపడి ఉండదని తోచి, పైకి సరే అన్నాను.

"నువ్వు రాసేది నువ్వు రాయి. నీ కంప్యూటర్ల ఒకటి ఏస్తావో, సున్నా ఏస్తావో, నాకవన్నీ తెలీవు. పిలిచేటప్పుడు మాత్రం వాన్ని వచ్చి నా పక్కన నిలబడమను. పేరు రాకపోతే, రాయించినాడు అని చెప్పేదానికి ఒక మనిషి ఉండల్ల గదా" అన్నాడు.

నిన్న క్యాంపు వాళ్ళ దగ్గరకు పోయి నాయన పేరు నేనే రాయించాను. రిజిస్టర్లో పెన్నుతో రాయమని అడిగి, రాసేదాకా కదల్లేదు. ఈసారి లిస్టు నేను కొట్టడం లేదు. వేరేవాళ్ళకు ఇవ్వమని చెప్పాను. ఎందుకని అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేశాను. చీటీ నంబరు ముప్పై ఒకటి. నాయన పేరు నరసింహులు అని రాశారు, ఇంటి పేరుతో సహా రాయించాను.

నన్ను క్షమించమని ఈ ఉత్తరంలో అడగను. అడగడానికి నాకు ఇంకా మొహం లేదు. నువ్వు నాతో మాట్లాడకపోయినా సరే, నా ఉత్తరాలు తెరవకుండా తిప్పి పంపినా సరే. కానీ సెప్టెంబర్ మూడు ఆదివారం పొద్దున ఎనిమిదికి, పెనుకొండ స్కూలు మైదానానికి రా. మైకులో ముప్పైదాకా పిలుస్తుంటే నాయన నీ చెయ్యి పట్టుకుంటాడు, పట్టుకోనీ. నేను గేటు బయటే ఉంటాను. నువ్వు రమ్మంటేనే లోపలికి వస్తాను.

నీ పరీక్షలో రిమూవ్ గురించి వస్తే, ముందు అక్కడ ఎవరున్నారో గెట్‌తో చూసి, తర్వాతే తీయమని రాయి. మార్కులు వేస్తారో లేదో తెలియదు, రాయి మాత్రం.

ఇట్లు,
అవ్వ పేరు తీసేసిన నీ అక్క,
పూర్ణిమ.